ఇంటి కోసం, శ్రీసభ కోసం పునీతుల్ని తోడు అడగడం ఎలా? చెన్నైలో ఉండే మన తెలుగు కతోలికుల కోసం

మీ తాతగారి పేరేంటి? చిన్నపరెడ్డా? రాయప్పా? ఇన్నయ్యా? శౌరయ్యా? పునీతుల (సెయింట్ల) ప్రార్థన సహాయం ఎలా కోరాలి అని అడిగేవాళ్లని నేను ముందు ఇదే అడుగుతాను. వాళ్లు నవ్వుతారు. కానీ జవాబు సగం అక్కడే ఉంటుంది.

చిన్నప్ప అంటే పునీత పౌలు. రాయప్ప అంటే పేతురు. జోజప్ప అంటే యోసేపు. ఇన్నయ్య, ఇన్నారెడ్డి అనే పేర్లు ఇగ్నేషియస్ లొయోలా నుంచి వచ్చాయి. శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియర్. ఆరోగ్యమ్మ అనే పేరు వేళాంగణి ఆరోగ్యమాతది. 18వ శతాబ్దంలో జెస్విట్ గురువులు (ఫాదర్లు) తమిళ దేశం మీదుగా మన వైపు వచ్చారు గనక ఈ పేర్లకి తమిళ వాసన అంటుకుంది. ఇప్పుడు మనం ఉద్యోగాల కోసం గుంటూరు నుంచీ నెల్లూరు నుంచీ అదే తమిళ దేశానికి వచ్చి, పెరంబూరులో అద్దె ఇంట్లో కూర్చుని, మన తాత పేరు ఎవరిదో మర్చిపోయాం.

కాబట్టి మొదటి పని ఫోను తీసి ఊళ్లో పెద్దమ్మకో మేనత్తకో చేయడం. మీ ఇంటి పేర్లు అడగండి. జ్ఞానస్నానం అప్పుడు పెట్టిన పేరూ పిలిచే పేరూ వేరైతే రెండూ రాసుకోండి. నేను అడిగినప్పుడు మా మేనత్త ముప్పావుగంట మాట్లాడింది. మా ముత్తాత కలరా రోజుల్లో ఎవరికి మొక్కుకున్నాడో, ఫిరంగిపురం తిరునాళ్లకి బండి కట్టుకుని ఎలా వెళ్లేవాళ్లో అన్నీ చెప్పింది. మా ఇంటికి ఒక పునీతుడు ఎప్పుడో ఉన్నాడు, నేనే పలకరించలేదని ఆ రోజు తెలిసింది.

ఒక్కరినే ఎంచుకోండి

పది మంది పటాలు వరసగా పెట్టి, పది నవదిన ప్రార్థనలు ఒకేసారి మొదలుపెట్టి, నాలుగో రోజుకి అన్నీ వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను. అందులో నేనూ ఒకదాన్ని. ఒక ఏడాదికి ఒక్క పునీతుడు చాలు. మిగతావాళ్లు ఏమీ అనుకోరు.

ఇంటి పేర్లలో ఎవరూ దొరక్కపోతే జోజప్పగారిని పట్టుకోండి. ఇది నా గట్టి సలహా, కారణాలు కూడా ఉన్నాయి. ఆయన ఒక ఇంటిని నడిపిన మనిషి. హేరోదు బిడ్డని చంపాలని వెతకబోతున్నాడని కలలో తెలిసి, ఆ రాత్రే తల్లినీ బిడ్డనీ తీసుకుని ఐగుప్తుకు బయల్దేరాడు. తెలియని ఊరు, తెలియని భాష, చేతిలో వడ్రంగి పని. చెన్నైకి వచ్చిన మొదటి నెల గుర్తు తెచ్చుకోండి, ఆయన కష్టం మనకి కొత్తగా అనిపించదు. సువిశేషాల్లో ఆయన మాట్లాడిన మాట ఒక్కటీ లేదు. లేచాడు, వెళ్లాడు, చేశాడు, అంతే. అదీగాక 1870 డిసెంబరు 8న 9వ పయస్ పోపుగారు ఆయన్ని విశ్వ శ్రీసభకి, అంటే లోకంలోని కతోలిక సంఘమంతటికీ, పాలక పునీతుడిగా (ప్యాట్రన్ సెయింట్) ప్రకటించారు. అంటే ఇంటి కోసమూ శ్రీసభ కోసమూ ఒకే తలుపు తట్టొచ్చు. పూజలో గురువుగారు కృతజ్ఞతా ప్రార్థన చెప్పేటప్పుడు మరియమాత పేరు తర్వాత జోజప్పగారి పేరు వస్తుంది, గమనించారా? నాలుగు ముఖ్యమైన కృతజ్ఞతా ప్రార్థనల్లో మొదటిదానిలో 1962 నుంచి ఉంది, మిగతా మూడింటిలో 2013లో చేర్చారు. ఆ పేరు వినపడగానే మీ విన్నపాన్ని మనసులో ఒక్కసారి అనుకోండి. రెండు క్షణాల పని.

పిల్లలు గుడికి రావడం మానేశారు, చెడు సావాసం పట్టారు, మాట వినడం లేదు అనే బాధ ఉంటే పునీత మోనికమ్మ. కొడుకు అగస్టీను కోసం ఆమె ఏళ్ల తరబడి ఏడ్చింది. ఊరు మారితే వెనకే సముద్రం దాటి వెళ్లింది. చివరికి 387 ఈస్టరుకి మిలానులో అతను జ్ఞానస్నానం తీసుకున్నాడు, అదే ఏడాది ఆమె కన్నుమూసింది. ఆమె పండుగ ఆగస్టు 27, కొడుకు పండుగ మర్నాడే.

భార్యాభర్తల మధ్య మాటలు తగ్గిపోతే, లేదా పసిబిడ్డని పోగొట్టుకున్న ఇల్లయితే, లూయీ మార్టిన్, జెలీ మార్టిన్ దంపతుల గురించి చదవండి. ఫ్రాన్సులో ఆయన గడియారాల పని చేసేవాడు, ఆమె లేసు అల్లికల వ్యాపారం నడిపేది. తొమ్మిది మంది పుడితే నలుగురు చిన్నప్పుడే పోయారు. ఆమె 1877లో రొమ్ము క్యాన్సరుతో చనిపోయింది. మిగిలిన ఐదుగురు ఆడపిల్లలూ మఠంలో చేరారు, వాళ్లలో ఒకరు మనకి తెలిసిన చిన్న తెరేజమ్మ. 2015 అక్టోబరు 18న ఇద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు. పండుగ జూలై 12.

ఇంట్లో మీరొక్కరే జ్ఞానస్నానం తీసుకున్నవాళ్లయితే దేవసహాయం పిళ్లైగారు మీవారే అనుకోండి. కన్యాకుమారి ప్రాంతం మనిషి, గురువు కాదు, సంసారి. 1745లో జ్ఞానస్నానం, 1752లో విశ్వాసం కోసం ప్రాణమిచ్చి వేదసాక్షి మరణం, 2022 మే 15న పునీత పట్టం. మన దేశంలో గురువూ మఠవాసీ కాని మామూలు విశ్వాసి పునీతుడు కావడం అదే మొదటిసారి. కుటుంబాల కోసమే బతికిన మనిషి కావాలంటే కేరళలో మరియం త్రేసియమ్మ ఉన్నారు. రోగాలూ గొడవలూ ఉన్న ఇళ్లకి నడిచి వెళ్లి, వాళ్ల మధ్య కూర్చునేది. 1914లో పవిత్ర కుటుంబం పేరుతో సిస్టర్ల సభ స్థాపించింది. 2019లో పునీతురాలైంది.

“నేరుగా యేసయ్యనే అడగొచ్చు కదా?”

ఈ ప్రశ్న మీకు ఎదురై తీరుతుంది. గుంటూరు జిల్లా సంబంధాల్లో లూథరన్‌వాళ్లు లేని ఇల్లు తక్కువ. మా తోడికోడలు పుట్టింటివాళ్లు లూథరన్లే. పోయిన వేసవిలో వచ్చినప్పుడు, నేను జోజప్పగారి స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగిస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి అంది.

“అక్కా, ఏమనుకోవద్దు గానీ, మనకీ దేవుడికీ మధ్య మధ్యవర్తి యేసు ఒక్కడే అని వాక్యంలో ఉంది కదా. మళ్లీ వీళ్లెందుకు?”

“ఉంది. నేను కాదన్నానా? మరి నిన్న రాత్రి చిన్నోడి పరీక్షకి ప్రార్థన చెయ్యక్కా అని నన్నెందుకు అడిగావు? నువ్వే చేసుకోవచ్చు కదా?”

“నువ్వు మా అక్కవి కాబట్టి అడిగాను.”

“నేనూ అంతే అడుగుతున్నాను. కాకపోతే వీళ్లు నాకంటే దగ్గర కూర్చున్నారు.”

ఆమె ఒప్పుకుందని చెప్పను. “నువ్వు బతికున్నావు కదక్కా” అంది వెంటనే. ప్రభువులో చనిపోయినవాళ్లు మనకంటే ఎక్కువ బతికి ఉన్నారని మన నమ్మకం అన్నాను. టీ తాగి ఊరుకున్నాం. ఇలాంటి మాటల్లో గెలవడానికి చూడకండి. మీకు మాత్రం విషయం తేటగా ఉండాలి, లేకపోతే చేసే ప్రార్థన పక్కదారి పడుతుంది. ఆరాధన దేవుడికి మాత్రమే. పునీతులకి ఇచ్చేది గౌరవం. ఈ తేడాని శ్రీసభ 787లోనే రెండో నికేయా మహాసభలో స్పష్టంగా చెప్పింది. దేవుడితో మాట్లాడేటప్పుడు “మమ్మల్ని కరుణించండి” అంటాం, పునీతులతో “మా కొరకు ప్రార్థించండి” అంటాం. సకల పునీతుల ప్రార్థన మొత్తంలో ఈ గీత ఎక్కడా చెరగదు. ఇంట్లో మీ సొంత మాటల్లో అడిగేటప్పుడు కూడా అదే పాటించండి. “అంతోని వారూ, నాకు ఉద్యోగం ఇవ్వండి” అనకండి. “నాకు ఉద్యోగం ఇమ్మని ప్రభువును అడగండి” అనండి. చిన్న మార్పే గానీ పదిసార్లు అలా అంటే మనసు దానంతటదే సరైన చోటుకి తిరుగుతుంది.

కానా పెళ్లి గుర్తుందిగా. మరియమాత అక్కడ అద్భుతం చేయలేదు. ద్రాక్షారసం అయిపోయిందని కొడుకుకి చెప్పింది, ఆయన చెప్పినట్టు చేయండి అని పనివాళ్లకి చెప్పింది. పునీతులు చేసేది కూడా ఇంతే.

విన్నపం కాగితం మీద పెట్టండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఫోనులో వద్దు, నోటిఫికేషన్ వస్తే అటు పోతాం. పేజీకి ఒక విన్నపం, పైన మొదలుపెట్టిన తేదీ.

వరస ముఖ్యం. ముందు శ్రీసభ, తర్వాత మీ ఇల్లు. మనకి ఎప్పుడూ ఇల్లే ముందు తోస్తుంది, ఆ తొందరలో “శ్రీసభ కోసం, పోపుగారి కోసం” అనే మాట చివర్లో మొక్కుబడిగా పడిపోతుంది. తిరగేసి రాయండి. పైగా శ్రీసభ అంటే రోములో ఉన్నది మాత్రమే అనుకుంటే ప్రార్థనలో ప్రాణం ఉండదు. 14వ లియో పోపుగారి కోసం తప్పకుండా అడగండి, దానితోపాటు మీ విచారణ (పారిష్) గురువుగారి కోసం ఆయన పేరు పెట్టి అడగండి. ఆయన షుగరు కోసం, ఆయన కోపం కోసం, ఒంటరితనం కోసం. పూనమల్లి సెమినరీలో చదువుతున్న గురువిద్యార్థుల కోసం. గుడికి రావడం మానేసిన పక్క బ్లాకు కుటుంబం కోసం. కోయిర్లో ఇద్దరి మధ్య ఆర్నెల్లుగా మాటల్లేకపోతే ఆ ఇద్దరి కోసం. గురువుల కోసమైతే జాన్ మరియ వియాన్నీగారిని అడగడం పాత అలవాటు, ఆయన విచారణ గురువులందరికీ పాలక పునీతుడు, పండుగ ఆగస్టు 4. మఠం గోడ దాటకుండానే వేదబోధకులకి పాలక పునీతురాలైన చిన్న తెరేజమ్మ కూడా గురువుల కోసం ఎక్కువగా ప్రార్థించింది.

ఇంటి విషయానికి వస్తే, ఎంత నిర్దిష్టంగా రాస్తే అంత మంచిది. “మా కుటుంబానికి శాంతి” అని రాస్తే అది దొరికిందో లేదో మీకే తెలియదు. “ఆదివారం అన్నం దగ్గర నాన్నా అన్నయ్యా పొలం గొడవ ఎత్తకుండా తినాలి” అని రాయండి.

ఒక్కటి మాత్రం రాయకండి. ఫలానా వాళ్లకి బుద్ధి రావాలి, వాళ్లకి తగిన శాస్తి జరగాలి లాంటివి. అత్తగారి మీద కోపంతో నేను ఒకసారి రాశాను. మర్నాడు చదువుకుంటే సిగ్గేసి ఆ పేజీ చింపేశాను.

మొదలుపెట్టడానికి మాటలు కావాలంటే ఇవి వాడుకోండి. నేను మా ఇంట్లో అనేవే:

పునీత జోజప్పగారూ, యేసుబాలుణ్ణీ మరియమాతనీ రాత్రికి రాత్రి ఐగుప్తుకు తీసుకెళ్లి కాపాడారు. ఊరు విడిచి వచ్చిన మా ఇంటిని కూడా చూడండి. శ్రీసభకి పాలకులు మీరు. మా పోపుగారి కోసం, మా పీఠాధిపతి కోసం, మా విచారణ గురువు కోసం ప్రార్థించండి. మా ఇంట్లో ఉన్న ఈ కష్టాన్ని మీ కుమారుడిగా పెరిగిన ప్రభువుకు చెప్పండి. (ఇక్కడ పేరు పెట్టి విషయం చెప్పాలి.) ఆయన చిత్తం ఏదైనా దాన్ని మోసే బలం మా కోసం అడగండి. ఆమెన్.

తొమ్మిది రోజులు

ప్రభువు మోక్షారోహణమైన తర్వాత అపొస్తలులు మరియమాతతో కలిసి మేడగదిలో పవిత్రాత్మ కోసం తొమ్మిది రోజులు ప్రార్థించారు, నవదిన ప్రార్థనలకి మూలం అదే. పండుగకి ముందు రోజుతో ముగిసేలా లెక్కపెట్టుకోండి. జోజప్పగారి పండుగ మార్చి 19, కాబట్టి 10 నుంచి 18. పాదువా పునీత అంతోని వారికి జూన్ 4 నుంచి 12. అపొస్తలుడైన తోమాసు వారికి జూన్ 24 నుంచి జూలై 2. మోనికమ్మకి ఆగస్టు 18 నుంచి 26. పండుగ దూరంగా ఉంటే ఆగక్కర్లేదు, ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

రోజుకి పది నిమిషాలు చాలు. టైము కంటే ఏ పని పక్కన చేస్తారో అది ముఖ్యం. “సాయంత్రం ఏడింటికి” అనుకుంటే ట్రాఫిక్కులో పోతుంది. “కుక్కరు పెట్టి విజిల్ వచ్చేలోపు”, “చిన్నపిల్ల హోంవర్కు అయ్యాక” అనుకోండి, నిలబడుతుంది. సిలువ గుర్తు, మీ విన్నపం పేజీ పైకి చదవడం, ఒక పరలోక జపం, మూడు మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం, ఆ పునీతుడికి మీ మాటల్లో రెండు ముక్కలు, ఒక నిమిషం నోరు మూసుకుని కూర్చోవడం. అంతే. ఆ చివరి నిమిషమే కష్టం.

ఇంట్లోవాళ్లంతా కూర్చుంటేనే మొదలుపెడతాను అనుకోకండి. మా ఆయనకి నెలలో రెండు వారాలు నైట్ షిఫ్ట్. ఆ వారాల్లో నేనూ పిల్లలూ, వీడియో కాల్లో ఊరి నుంచి మా అత్తమ్మ. పిల్లలు ఇక్కడి బడిలో తమిళం నేర్చుకున్నారు గనక పునీతుల పేర్లు చదువుతుంటే వాళ్ల నోటి నుంచి “ఎంగళుక్కాగ వేండిక్కొళ్ళుం” అని వస్తుంది. ఫోనులో అత్తమ్మ “మా కొరకు ప్రార్థించండి” అంటుంది. నెట్‌వర్క్ ఆలస్యం వల్ల రెండూ ఒకదాని మీద ఒకటి పడి, తర్వాతి పేరు ఎప్పుడు చదవాలో నాకు తెలియదు. మొదట్లో విసుక్కున్నాను. ఇప్పుడు ఆ గందరగోళం లేని రోజు ఇల్లు బోసిగా అనిపిస్తుంది.

ఒక రోజు తప్పితే? మర్నాడు కొనసాగించండి. మళ్లీ మొదటి నుంచి చేయాలని, లేకపోతే ఫలించదని ఎవరైనా చెబితే నమ్మకండి. కుదిరితే ఆ తొమ్మిది రోజుల్లో ఒకసారి పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి, పూజలో దివ్యసత్ప్రసాదం తీసుకోండి. నా అనుభవంలో పునీతుల దగ్గరికి వెళ్లినవాళ్లని వాళ్లు చివరికి తోసేది అటువైపే.

చెన్నైలో ఎక్కడికి వెళ్లాలి

ఇంట్లో చేసే ప్రార్థనకి ఒక్క ప్రయాణమైనా తోడైతే మనసు గట్టిపడుతుంది. గుణదల కొండకి ప్రతి ఏడాదీ వెళ్లలేం గానీ ఈ ఊళ్లో ఉన్నవాటి విలువ మనకే తెలియదు.

శాంథోమ్ ముందు, తోమాసు వారి గుడి. లోకంలో అపొస్తలుడి సమాధి మీద కట్టిన గుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఇదొకటి. ఇప్పుడున్న తెల్ల గుడి 1896లో పూర్తయింది. 1986లో 2వ జాన్ పాల్ పోపుగారు ఇక్కడికి వచ్చి ప్రార్థించారు. చాలామంది పై గుడి చూసి, సెల్ఫీ తీసుకుని, బీచికి వెళ్లిపోతారు. మీరు గుడి వెనక్కి వెళ్లండి. అక్కడి మెట్లు దిగితే సమాధి ఉన్న చిన్న మందిరం వస్తుంది. అస్థికల్లో ఎక్కువ భాగం ఎప్పుడో తరలిపోయి ఇటలీలోని ఓర్తోనాలో ఉన్నాయి, ఇక్కడ ఉన్నది సమాధీ ఒక చిన్న అవశేషమూ. అయినా ఆ గదిలో గొంతు దానంతటదే తగ్గిపోతుంది. నేను వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ చెప్పులు సంచిలో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. చేతిలో ముగ్గురు పిల్లల పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు. ఒక్కో ఫోటో కాసేపు పైకి పెట్టి, కింద పెట్టి, మళ్లీ ఇంకోటి. ఒక్క మాటా లేదు. నేను నోటుబుక్కు తెచ్చుకుని నాలుగు పేజీలు చదువుదామనుకున్నదాన్ని, దాన్ని సంచిలో పెట్టేసి ఊరికే కూర్చున్నాను. ఇంట్లో సందేహపడేవాళ్లుంటే, “దేవుడెక్కడున్నాడు” అని వాదించే కొడుకుంటే, తోమాసు వారిని అడగడమే న్యాయం. చూస్తేగానీ నమ్మనన్న మనిషి ఆయనే, “నా ప్రభువా, నా దేవా” అన్నదీ ఆయనే.

పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) కొండ మీద 1523 నాటి గుడి ఉంది. తోమాసు వారు వేదసాక్షిగా మరణించింది ఇక్కడేనని సంప్రదాయం. లోపల పీఠం దగ్గర రాతి సిలువ ఉంది, 1547లో తవ్వకాల్లో బయటపడింది. ఆ గుడి ఎవరి పేరు మీద ఉందో తెలుసా? కాన్పు కోసం ఎదురుచూసే మరియమాత పేరు మీద. అందుకని కడుపుతో ఉన్నవాళ్ల కోసం ఇక్కడ ప్రార్థించడం నాకు ఇష్టం. గర్భిణులు మెట్లు ఎక్కక్కర్లేదు, పైదాకా వాహనాలు వెళ్తాయి. అసలు వాళ్లు రాకపోయినా, వాళ్ల పేరు చెప్పి మనం అడగొచ్చు. డాక్టరు చెప్పిన స్కాన్లూ మందులూ ఏ మొక్కు పేరు మీదా మానకండి. గర్భిణులు తోడు అడిగే పునీత జాన్నా బెరెత్తా మొల్లా స్వయానా డాక్టరు.

మంగళవారమైతే ప్యారీస్ కార్నర్ దగ్గర ఆర్మీనియన్ వీధి. పునీత మరియమ్మ కో-కథీడ్రల్ అది, జనం మాత్రం అంతోనియార్ కోవిల్ అంటారు. హైకోర్టు మెట్రో స్టేషన్లో దిగి నడిచి వెళ్లొచ్చు. అంతోని వారు 1231 జూన్ 13న కన్నుమూస్తే, అంత్యక్రియలు జరిగింది మంగళవారం, అందుకే ఆ రోజు ఆయనది. పగలంతా జనమే, అన్ని మతాలవాళ్లూ. ప్రశాంతంగా కూర్చోవాలంటే పొద్దున్నే వెళ్లండి. చిల్లర కొంచెం ఉంచుకోండి, “అంతోని వారి రొట్టె” అని ఆయన పేరు మీద పేదలకి పెట్టడం పాత ఆచారం. హుండీలో వేసినదానికంటే వీధి చివర కూర్చున్నవాళ్లకి రెండు ఇడ్లీ పొట్లాలు ఇవ్వడం నాకు ఎక్కువ నచ్చుతుంది.

బీసెంట్ నగర్ వేళాంగణి మాత గుడికి ఆగస్టు 29న జెండా ఎక్కిస్తారు, సెప్టెంబరు 8 దాకా పండుగ. కాషాయం కట్టుకుని నడిచి వచ్చేవాళ్లతో రోడ్లు నిండిపోతాయి. చిన్నపిల్లలతో ఆ రోజుల్లో వద్దు, మామూలు శనివారం వెళ్లండి. పెరంబూరు లూర్దుమాత గుడి మా ఇంటికి దగ్గర గనక నాకు పక్షపాతం. గుణదల అమ్మా లూర్దు అమ్మే కదా, ఊరి బెంగ కొంచెం తీరుతుంది.

వీటి జోలికి పోకండి

“ఈ ప్రార్థనని 9 మందికి పంపండి, లేకపోతే చెడు జరుగుతుంది” అని వాట్సాప్‌లో వస్తే అక్కడే తీసేయండి. బెదిరించి ప్రార్థన చేయించుకునే పునీతుడు ఎవరూ లేరు. సంబంధం కుదిరేదాకా అంతోని వారి స్వరూపాన్ని తలకిందులుగా పెట్టడం, ఇల్లు అమ్ముడుపోవడానికి జోజప్పగారి స్వరూపాన్ని పాతిపెట్టడం, ఇవి భక్తి కాదు, పెద్దమనిషిని బందీగా పట్టుకోవడం.

ఒక గుడి బయట ఒకాయన “అమ్మా, ఇది సమాధి మీద పెట్టి తీసిన నూనె” అని చిన్న సీసా చూపించి 600 రూపాయలు అడిగాడు. పాపకి జ్వరం, నాకు టెన్షన్. ఇచ్చేశాను. ఇంటికొచ్చి మూత తీస్తే కొబ్బరినూనె వాసన. మా ఆయన ఏమీ అనలేదు, ఆ సీసాని బాత్రూంలో తలనూనె పక్కన పెట్టారు. పవిత్రమైన వస్తువు ఏది కావాలన్నా గుడి ఆఫీసులో అడగండి. గురువుగారి ఆశీర్వాదానికి ధర ఉండదు.

తొమ్మిదో రోజు తర్వాత

అడిగింది జరిగితే పేజీ కింద తేదీ వేసి, ఆ వారం పూజలో కృతజ్ఞత చెప్పండి. గుడిలో పూజ రాయించేటప్పుడు “ఉద్దేశం” అన్నచోట కృతజ్ఞత అని రాయించొచ్చు. మొక్కుకున్నది ఉంటే ఆలస్యం చేయకుండా తీర్చేయండి. అందుకే మొక్కుకునేటప్పుడే మన చేతిలో ఉన్నదే మొక్కుకోవాలి. “మా అబ్బాయిని గురువుని చేస్తాను” అని ఇంకొకరి బతుకుని మొక్కేయకూడదు.

జరగకపోతే? జరగని పేజీలే నా పుస్తకంలో ఎక్కువ. మా తమ్ముడు నాన్నతో మాట్లాడటం మానేసి నాలుగేళ్లు. మోనికమ్మని అడగడం మొదలుపెట్టి మూడేళ్లు. మొదటి ఏడాది ప్రార్థన అయిన వెంటనే వాడికి ఫోన్ చేసి, గుడికి వెళ్లావా, నాన్నకి ఫోన్ చేశావా అని సతాయించేదాన్ని. తర్వాత మోనికమ్మ గురించి చదువుతుంటే ఒక సంగతి తగిలింది. కొడుకుతో వాదించి దారికి తెమ్మని ఆమె ఒక పీఠాధిపతిని (బిషప్పుని) బతిమాలితే, ఆయన, వాడినిప్పుడు అలాగే వదిలెయ్యి, ప్రార్థన మాత్రం మానకు అన్నాడట. ఆ రోజు నుంచి వాడికి ఫోన్ చేస్తే క్రికెట్టు, వాడి కూతురి డాన్స్ క్లాసు, అంతే. గుడి మాట ఎత్తను. వాడి సంగతి చెప్పాల్సినవాళ్లకి చెబుతున్నాను గనక వాడికి చెప్పక్కర్లేదు.

పోయిన నెల వాడే అడిగాడు, “అక్కా, తాతయ్య అసలు పేరు ఏంటే? స్కూల్లో పాపకి వంశవృక్షం గీయమన్నారు.” చిన్నపరెడ్డి అన్నాను. “చిన్నప్ప అంటే ఎవరు?” అన్నాడు. నాన్నకి బాగా తెలుసు, అడుగు అన్నాను. అడిగాడో లేదో నేను కనుక్కోలేదు. పేజీ కింద తేదీ వేయలేదు. ఆగస్టు 18 క్యాలెండరులో గుండ్రంగా చుట్టి పెట్టుకున్నాను.